జనవరి నెలను ఒక పుస్తకంలో కుట్టిన ప్రయత్నం: కొలతలు, పొరపాట్లు, మార్పులు

2026 జనవరి నెల మొత్తాన్ని, అంటే ఇంటి రోజువారీ వ్యవహారాలను, బయటికి వెళ్లిన సందర్భాలను, చూసిన సినిమాలను, చేత్తో కుట్టిన ఒకే పుస్తకంలో నమోదు చేయడం ఈ పని. ఇంట్లో నలుగురం: నేను, మా వారు, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి, మా అత్తయ్య. మేముండేది హైదరాబాదులోని నల్లకుంటలో. ఇలాంటిది చేయాలనుకునేవారు నేను చెడగొట్టిన చోట్ల జాగ్రత్తపడగలరన్న ఉద్దేశంతో పొరపాట్లను దాచకుండా రాస్తున్నాను.

దశ 1: పుస్తకం కుట్టడం (డిసెంబరు 27–31)

సామగ్రి ఖర్చు: ఏ4 కాగితాలు 40కి 80 రూపాయలు, అట్టలు రెండింటికి 40, కాలికో గుడ్డ 60, దారం, సూది, దబ్బనం కలిపి 70, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 20. మొత్తం 270 రూపాయలు. మైదా ఇంట్లోదే.

1. అయిదేసి కాగితాలను మధ్యకు మడిచి ఎనిమిది ఫారాలు చేశాను. ఆకులు 80, పేజీలు 160.
2. ప్రతి ఫారం మడత మీద దబ్బనంతో అయిదు రంధ్రాలు పొడిచి, ఫారాలను ఒకదానికొకటి కలుపుతూ కుట్టాను.
3. వెన్నుకు మైదా జిగురు రాసి, కాలికో అంటించి, రాత్రంతా బరువు కింద ఉంచాను.

మొదటి జిగురు మూడో రోజుకే పులిసి వాసన కొట్టింది. బైండింగు పనివారు జిగురులో మైలుతుత్తం ఎందుకు కలుపుతారో అప్పుడు అర్థమైంది. పురుగు పట్టకుండా, బూజు రాకుండా అది కాపాడుతుంది. రెండోసారి ఒక వంతు మైదాకు అయిదు వంతుల నీళ్లు పోసి, సన్నని సెగ మీద ఏడు నిమిషాలు కలియబెట్టి, దించిన తరువాత చిటికెడు మైలుతుత్తం వేశాను. అది విషం కనుక వంటకు వాడే గిన్నె, గరిటె దీనికి వాడకూడదు. పిల్లలకు అందనిచోట పెట్టాలి.

సరిదిద్దుకోలేకపోయిన పొరపాటు మరొకటి ఉంది. కాగితంలోని నారలు ఎక్కువగా ఒకే వైపుకు పరుచుకుని ఉంటాయి, దానినే నార దిశ అంటారు. బజారులో దొరికే ఏ4 కాగితంలో అది సాధారణంగా పొడవు వెంబడి ఉంటుంది కనుక, దానిని మధ్యకు మడిస్తే మడత నారకు అడ్డంగా పడుతుంది. అందువల్ల నా పుస్తకం చదునుగా తెరుచుకోలేదు, జిగురు తగిలిన ప్రతి పేజీ అలలు తిరిగింది. పెద్ద షీట్లు కొని, నార మడత వెంబడి వచ్చేలా కోయించుకుంటే ఈ బాధ ఉండదు. నేను అప్పటికే కుట్టేశాను.

దశ 2: పద్నాలుగు గడులు (జనవరి 1–7)

ఒక్కొక్క రోజుకు పద్నాలుగు గడులు గీశాను: నిద్ర, లేచిన వేళ, టిఫిను, కూర, పాలు, కరెంటు మీటరు రీడింగు, నడక, ఖర్చు, వచ్చినవారు, ఫోన్లు, చదివినది, చూసినది, వాతావరణం, మాట. మొదటి నాలుగు రాత్రులూ గడియారం పెట్టుకుని చూస్తే సగటున 26 నిమిషాలు పట్టింది. అయిదో తేదీ, ఆరో తేదీ ఖాళీగా మిగిలిపోయాయి. ఖాళీ గడుల మీద గెలవడానికి ఏడో తేదీ రాత్రి కూర్చుని గడులను అయిదుకు తగ్గించాను: కూర, ఖర్చు, ప్రయాణాలు, వచ్చినవారు, ఒక వాక్యం. మరుసటి రోజు నుంచి సగటు సమయం ఎనిమిది నిమిషాలకు దిగింది.

కరెంటు మీటరును రోజూ చూడటం దండగ. నెల మొదట ఒకసారి, చివర ఒకసారి చూస్తే చాలు. కూర గడిని మాత్రం తీసేయవద్దు. తరువాత ఏ రోజు ఏమి జరిగిందో గుర్తుచేసుకోవడానికి నాకు అన్నిటికంటె ఎక్కువగా పనికివచ్చినది అదే. "ఆ రోజు చిక్కుడుకాయ" అనగానే మా వారికి కూడా ఆ సాయంత్రం ఎవరు వచ్చారో గుర్తుకు వచ్చింది.

దశ 3: టికెట్లు నల్లబడటం (జనవరి 4–12)

నాలుగో తేదీ ఆదివారం ఆబిడ్స్‌లో పేవ్‌మెంట్ల మీద పరిచే పాత పుస్తకాలకు వెళ్లాము. బస్సు టికెట్లను మైదాతో అంటించాను, పేజీ అలలు తిరిగింది. దానిని చదును చేయాలని పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనించాను. పది సెకన్లలో రెండు టికెట్లూ పూర్తిగా నల్లబడ్డాయి. కండక్టరు చేతిలోని యంత్రం ఇచ్చే టికెట్ సిరాతో అచ్చయినది కాదు, వేడి తగిలితే రంగు మారే కాగితం. ఇస్త్రీ పెట్టె టికెట్ మొత్తాన్ని ఒకే పెద్ద అక్షరంగా అచ్చువేసిందన్నమాట.

దానితో ఒక చిన్న పరీక్ష చేశాను. కిరాణా బిల్లు ఒకటి నాలుగు ముక్కలు చేసి, మొదటి మూడింటిని ఎండ పడే కిటికీ అంచున, నాలుగోదానిని అలమరలో ఆరు రోజులు ఉంచాను.

1. మైదాతో అంటించిన ముక్క: అక్షరాలు పలచబడ్డాయి కాని చదవగలము.
2. పారదర్శకమైన టేపు వేసిన ముక్క: టేపు కింద అక్షరాలు దాదాపు మాయమయ్యాయి.
3. ఏమీ పూయకుండా ఎండలో ఉంచిన ముక్క: పసుపు తిరిగి, సగం పోయింది.
4. కాగితపు కవరులో, చీకట్లో ఉంచిన ముక్క: చెక్కుచెదరలేదు.

నాలుగు ముక్కల పరీక్ష శాస్త్రం కాదు కాని నా పనికి సరిపోయింది. అప్పటి నుంచి టికెట్ చేతికి రాగానే అందులోని తేదీ, వేళ, మొత్తం పెన్నుతో పుస్తకంలో రాసుకుని, టికెట్‌ను మాత్రం గోధుమరంగు కవరులో వేస్తున్నాను. ఎంతో ఇష్టమైన టికెట్ అయితే రెండు రూపాయలు పెట్టి జిరాక్స్ తీయించి ఆ కాపీని అంటించడం మేలు.

ఇక్కడే లెక్కలో ఒక లోపం కూడా బయటపడింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం, కండక్టరు జీరో టికెట్ ఇస్తాడు. నేను ప్రయాణాలను రూపాయలలో లెక్కిస్తున్నందువల్ల ఇంట్లో ముగ్గురు ఆడవారి బస్సు ప్రయాణాలన్నీ సున్నా కింద పడి, మా వారొక్కరే ఊరంతా తిరిగినట్టు పుస్తకం చెబుతోంది. నెలాఖరుకు కవరులో 22 జీరో టికెట్లు చేరాయి. పన్నెండో తేదీ నుంచి ప్రయాణాల గడిలో రూపాయలు తీసివేసి మనిషికి ఒక గీత చొప్పున గీయడం మొదలుపెట్టాను.

దశ 4: పుస్తకం నోరు తెరవడం (జనవరి 9–12)

తొమ్మిదో తేదీ మా వారికి సెలవు దొరికితే సాలార్‌జంగ్ మ్యూజియానికి బయలుదేరాము. అది శుక్రవారం. శుక్రవారం ఆ మ్యూజియానికి సెలవని గేటు దగ్గర తెలిసింది. వెళ్లిరావడానికి 2 గంటల 20 నిమిషాలు, మిరపకాయ బజ్జీలతో కలిపి 170 రూపాయలు ఖర్చయ్యాయి. ఈ వృథా ప్రయాణాన్ని కూడా లెక్కలో ఉంచాను. వెళ్లి చూడని చోటుకు పేజీ ఎందుకని తీసేస్తే నెల నిజం కాదు.

పదో తేదీ శనివారం నుమాయిష్‌కు వెళ్లాము. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన ఈ పారిశ్రామిక ప్రదర్శన ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గర మారి, గాంధీభవన్ స్టేషనులో దిగాము. ఇంటి నుంచి ఇంటికి ఆరున్నర గంటలు పట్టింది. అందులో స్టాళ్ల మధ్య నడిచినది 3 గంటల 40 నిమిషాలు. ఆగిన స్టాళ్లు 46, కొన్నవి అయిదింట. రాత్రి వచ్చి కరపత్రాలు, గాజుల పెట్టె మీది చీటీ, మా అమ్మాయి పట్టుబట్టి దాచిన పీచుమిఠాయి పుల్ల, అన్నీ అంటించేశాను.

పదకొండో తేదీ పొద్దున స్కేలు పెట్టి కొలిస్తే వెన్ను మందం 10 మిల్లీమీటర్లు, తెరుచుకునే వైపు 18. పుస్తకం మూతపడటం మానేసింది. అంటించబోయే వస్తువుల మందాన్ని ముందే లెక్కలోకి తీసుకుని, వెన్ను దగ్గర అంత మందం అదనంగా ఉండేలా కుట్టాలన్న సంగతి నాకు తెలియదు. చేసిన మరమ్మతు ఇది:

1. ఖాళీగా ఉన్న భాగంలో 24 ఆకులను కుట్టు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు వదిలి కోసివేశాను. మిగిలినవి 56 ఆకులు, 112 పేజీలు.
2. మందమైన వస్తువులను ఊడదీసి వెనుక అట్టకు అంటించిన సంచిలోకి మార్చాను. పీచుమిఠాయి పుల్లను చీమలు పట్టినందువల్ల పారవేశాను.
3. మళ్లీ కొలిస్తే 15 మిల్లీమీటర్లు వచ్చింది. నెలాఖరుకు 17.

మొదటిసారి చేసేవారు కుట్టేటప్పుడే ప్రతి మూడో ఆకును ఇలా కోసి, కుట్టు దగ్గరి అంచును మాత్రం వదిలితే సరిపోతుంది.

పన్నెండో తేదీ వరకు తిరుగుళ్ల ఖర్చు: ఆబిడ్స్ 530, మూసిన మ్యూజియం 170, నుమాయిష్ 2,180, కింద చెప్పబోయే మొదటి సినిమా 1,340. మొత్తం 4,220 రూపాయలు.

దశ 5: పండుగ, అతుకుల పేజీలు (జనవరి 13–17)

పుస్తకాన్ని ఇంట్లో మరచిపోయి పదమూడో తేదీ సాయంత్రం సూర్యాపేట దగ్గరున్న మా అత్తగారి ఊరికి బయలుదేరాము. మామూలు రోజులలో మూడు గంటలు పట్టే దూరానికి విజయవాడ రహదారి మీద సంక్రాంతి రద్దీలో 5 గంటల 10 నిమిషాలు పట్టింది. పదహారున తిరిగి రావాలనుకున్నాము కాని, కనుమ నాడు కాకి కూడా కదలదని అత్తయ్య ఒప్పుకోలేదు. పదిహేడు పొద్దున బయలుదేరి వచ్చాము.

నాలుగు రోజుల పేజీలను తిరిగి కట్టడానికి మూడు ఆధారాలు వాడాను. యూపీఐ చెల్లింపుల జాబితాలో 17 పద్దులు దొరికాయి, వాటిలో ఊళ్లో చేసినవి మూడే. తక్కినవన్నీ దారిలో టీలు, నీళ్ల సీసాలు. జాబితాను నమ్మితే మేము సంక్రాంతిని హోటళ్లలో జరుపుకున్నామనుకోవాలి. ఫోనులో 214 ఫొటోలు ఉన్నాయి, వాటిలో 130కి పైగా మా అమ్మాయి ముగ్గుల ముందు నిలబడినవే. మూడో ఆధారం మా తోటికోడలు. భోగి నాడు మేనత్త వచ్చారని నేను రాసుకున్నదానిని ఆవిడ ఫోనులో ఖండించారు. ఫొటో వేళ చూస్తే ఆవిడ మాటే నిజమని తేలింది, మేనత్త వచ్చింది సంక్రాంతి నాడు. నాలుగు రోజులు గడవకముందే ఇంత తప్పు జరిగిందంటే, నెల తరువాత జ్ఞాపకం మీద ఆధారపడి రాయబోయేవారు తోటికోడలి నంబరు దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఈ పేజీలను వేరే రంగు సిరాతో రాశాను. అప్పటికప్పుడు రాసినది నీలం, తరువాత అతికినది ఆకుపచ్చ. ఊరి ఖర్చు 3,120 రూపాయలు. ఇప్పటికి మొత్తం 7,340.

దశ 6: సినిమాలు, ఏడు రోజుల పరీక్ష

నెలలో చూసినవి అయిదు: థియేటరులో మూడు (11, 24, 26 తేదీలు), ఇంట్లో రెండు (3, 23 తేదీలు). వాటి పేర్లు ఇక్కడ అవసరం లేదు. బాగున్నాయా లేదా అన్నది కాక, చూసిన సినిమాలో మన దగ్గర ఎంత మిగులుతుందన్నదే నేను కొలవదలచినది.

పదకొండో తేదీ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మ్యాట్నీకి ముగ్గురం వెళ్లాము. ఒంటిగంటా ఇరవైకి గడప దాటి, ఆరుంబావుకు తిరిగి వచ్చాము. మొత్తం 4 గంటల 55 నిమిషాలు. అందులో సినిమా 2 గంటల 38 నిమిషాలు, ఇంటర్వెల్ 18, మొదట్లో ప్రకటనలు 31, మిగిలిన 1 గంట 28 నిమిషాలు నడక, బస్సు కోసం నిలబడటం, బండ్లు తీసేవారి మధ్య నుంచి బయటపడటం. టికెట్ ఫోనులోనే ఉండటం వల్ల అంటించడానికి కాగితం ముక్క కూడా లేదు. ఇంటర్వెల్‌లో సమోసా పొట్లం కట్టిన కాగితాన్ని తెచ్చాను, నూనె మరక కింది పేజీకి దిగింది.

ఆ రాత్రి సినిమా గురించి గుర్తున్న పన్నెండు అంశాలు రాశాను. ఏడు రోజుల తరువాత ఆ పేజీ చూడకుండా మళ్లీ రాశాను. పన్నెండింటిలో అయిదే వచ్చాయి. అంతకంటె బాధ కలిగించినది ఏమిటంటే, ఆ అయిదింటిలో మూడు నా మాటలు కావు. బస్సులో వస్తూ ఫోనులో చదివిన సమీక్షలలోని వాక్యాలను నేను చూసినవిగా రాసుకున్నాను. "ద్వితీయార్ధం సాగదీత" అని ఉంది నా చేతిరాతలో. మా అమ్మాయి అది చదివి, ద్వితీయార్ధంలో నువ్వు నవ్వుతూనే ఉన్నావు కదమ్మా అంది.

మార్చిన పద్ధతి:

1. సినిమా ముగిసిన తరువాత పన్నెండు అంశాలు రాసేదాకా ఫోను ముట్టుకోకూడదు.
2. అభిప్రాయం రాయకూడదు. కనిపించినది, వినిపించినది మాత్రమే రాయాలి: ఎవరి చీర ఏ రంగు, ఏ మాటకు హాలు గొల్లుమంది, ఏ పాటకు జనం లేచి బయటికి వెళ్లారు.
3. పక్కన కూర్చున్నవారిని ఒక అంశం చెప్పమనాలి.

24న మా వారితో సెకండ్ షోకు వెళ్లినప్పుడు (4 గంటల 20 నిమిషాలు, 610 రూపాయలు) ఈ పద్ధతిలో రాస్తే వారం తరువాత ఎనిమిది గుర్తున్నాయి. 26న నలుగురం వెళ్లినదానికి (5 గంటల 5 నిమిషాలు, 1,270 రూపాయలు) తొమ్మిది వచ్చాయి. మూడూ వేరువేరు సినిమాలు కనుక పద్ధతి వల్లే పెరిగిందని గట్టిగా చెప్పను. కాని అరువు వాక్యాలు మాత్రం ఒక్కటీ లేవు. అత్తయ్య చెప్పిన అంశం ఇది: "ఆ ఇంట్లో నట్టింట దీపం పెట్టారు కానీ, సినిమా అంతా ఎవరూ నూనె పోయలేదు." సమీక్షలలో ఇటువంటిది నాకెక్కడా కనబడలేదు.

ఇంట్లో చూసిన రెండింటికి కలిపి 5 గంటల 35 నిమిషాలు పట్టింది. వాటి మీద పరీక్ష చేయలేదు, మధ్యలో కుక్కరు కోసం లేచిన సినిమాకు పరీక్ష పెట్టడం న్యాయం కాదు.

దశ 7: మ్యూజియం, గోల్కొండ

18న ఆదివారం సాలార్‌జంగ్‌కు మళ్లీ వెళ్లి (5 గంటల 15 నిమిషాలు, 410 రూపాయలు) సంగీత గడియారం ముందు 11.40కే చేరాము. గంటగంటకూ ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది, పన్నెండింటికి దెబ్బలు ఎక్కువ కనుక జనమూ ఎక్కువ. ఇరవై నిమిషాల నిరీక్షణ, ఒక్క నిమిషం కూడా నిండని దృశ్యం. అయినా మా అమ్మాయి పుస్తకంలో తనంతట తాను రాసిన ఏకైక పేజీ అదే. నిలబడి రాయాలంటే పెన్ను కంటె పెన్సిలు నయమని అక్కడ తేలింది.

31న గోల్కొండలో (5 గంటల 45 నిమిషాలు, 570 రూపాయలు) కింద కొట్టిన చప్పట్లు కోట పైన వినబడతాయన్న ప్రసిద్ధమైన ప్రయోగాన్ని లెక్కతో చేయాలనుకున్నాము. కింద ద్వారం గుమ్మటం దగ్గర మా వారు నిర్ణయించిన వేళలకు పదిసార్లు చప్పట్లు కొట్టాలి, కోట పైభాగమైన బాలాహిస్సార్‌లో నేను విన్నవాటిని గీతలు గీయాలి. నా గీతలు 34 అయ్యాయి. శనివారం నాడు కింద ప్రతివారూ చప్పట్లు కొట్టేవారే. ఎవరైనా చేయదలిస్తే తెరవగానే వెళ్లాలి, చప్పట్లకు బదులు ముందే అనుకున్న లయ కొట్టాలి.

తిరుగుళ్లు, సినిమాల మొత్తం ఖర్చు 10,200 రూపాయలు.

దశ 8: గోడ మీద క్యాలెండరు (జనవరి 20–22, ఫిబ్రవరి 1)

పుస్తకంలో 20, 21, 22 తేదీలు ఖాళీ. మా అమ్మాయికి జ్వరం వచ్చిన మూడు రోజులవి. రాయడానికి కూర్చునే వేళ లేదు.

ఫిబ్రవరి ఒకటిన పేజీలు లెక్కపెట్టాను. ఆ రాత్రే రాసినవి 19 రోజులు, ఆలస్యంగా రాసినవి 7, ఖాళీవి 5. నిండిన పేజీలు 92, వాటిలో తిరుగుళ్లకు 38, సినిమాలకు 23, రోజువారీ వ్యవహారాలకు 31. ఊరి ప్రయాణాన్ని పక్కన పెడితే తిరుగుళ్లకు పట్టిన సమయం సరిగ్గా 24 గంటలు, సినిమాలకు 19 గంటల 55 నిమిషాలు. నెలలోని 744 గంటలలో ఇది ఆరు శాతం కంటె తక్కువ. ఆ ఆరు శాతం నా పుస్తకంలో మూడింట రెండు వంతులు ఆక్రమించింది.

ఖాళీ రోజులను నింపడానికి ఆధారాలు వెతుకుతుంటే అత్తయ్య వంటింటి గోడ మీది క్యాలెండరు చూపించారు. 31 గడులూ నిండి ఉన్నాయి. పాల పాకెట్లకు గీతలు, గ్యాసు సిలిండరు మార్చిన రోజున చుక్క, పనమ్మాయి రాని రోజున అడ్డగీత. 20వ గడిలో "పాప 101", 21లో "101 రెండుసార్లు, జావ", 22లో "తగ్గింది, చారన్నం". ఇరవై ఒకటో తేదీ రాత్రి రెండింటికి ఎవరు లేచారో కూడా అందులో ఉంది, గడి మూలన "నాన్న" అని.

రోజూ ఎలా కుదురుతుందని అడిగితే, "రాయడానికి కూర్చోవడం దేనికమ్మా, పాలు పొయ్యి మీద పెట్టి నిలబడే రాస్తాను" అన్నారు. మరుసటి రోజు పొద్దున గడియారం పెట్టి చూశాను. పన్నెండు సెకన్లు పట్టింది.

ఫిబ్రవరికి చేసిన మార్పులు:

1. ఫిబ్రవరి మొదటి రెండు పేజీలలో 28 గడులు, గడికి మూడు సెంటీమీటర్లు.
2. తిరుగుడుకైనా, సినిమాకైనా రెండు పేజీలకు మించి లేదు.
3. వెన్నుకు అడుగున్నర దారం కట్టి, పొయ్యి పక్కన మేకుకు తగిలించాను. పెన్సిలుకు వేరే దారం.
4. గడులలో ఎవరైనా రాయవచ్చు. జిగురు పని మాత్రం నాదే.

నాలుగో తేదీ సాయంత్రానికి మొదటి పేజీ మీద పోపు నూనె చుక్కలు రెండు పడ్డాయి. మేకును అడుగు ఎడమకు జరిపాను.